మోహనంలోకి ప్రతిమధ్యమం ఎలా వచ్చింది: ఒక బ్యాండు స్కోరు ప్లేబ్యాక్ కేసు

నేపథ్యం

అనంతపురంలో నాకో చిన్న షాపు ఉంది. ముందు గదిలో కంప్యూటర్ల రిపేరు, వెనక గదిలో రికార్డింగ్. భజన మండళ్లు, స్కూలు వార్షికోత్సవాలకు ట్రాకులు కావాల్సిన టీచర్లు, పెళ్లి బ్యాండులవాళ్లు వస్తుంటారు. రెండు పనులూ చేస్తాను కాబట్టి "సౌండు రావడం లేదు" అనే కేసులు ఎక్కడెక్కడో తిరిగి చివరికి నా దగ్గరికి చేరతాయి. ఈ కేసులో మాత్రం సౌండు వస్తోంది. వచ్చేదే తప్పుగా వస్తోంది.

దీన్ని రాసిపెట్టడానికి కారణం, ఇందులో నేను రెండుసార్లు తప్పు దారి పట్టడం. మనుషుల వివరాలు, పేట, పాట మార్చాను. శ్రుతి, స్వరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, కేసంతా వాటిలోనే ఉంది కాబట్టి.

వచ్చినవాళ్లు ఇద్దరు. డెబ్బైకి దగ్గర పడుతున్న బ్యాండు మాస్టారు, డిగ్రీ చదువుతున్న ఆయన మనవడు. మాస్టారు ఒకప్పుడు యూనిఫాం బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరయ్యారు. స్టాఫ్ నొటేషన్ అక్కడ నేర్చుకున్నదే. ఇప్పుడు పెళ్లిళ్లకు వెళ్లే ఒక బ్యాండులో కుర్రాళ్లను తయారు చేస్తున్నారు. మన వైపు పెళ్లి బ్యాండుల్లో ఎక్కువమంది చెవితోనే నేర్చుకుంటారు. ఈయన ఐదు గీతల మీద రాసి ఇస్తారు, నోటితో చెప్పేటప్పుడు మాత్రం సరిగమలే. క్లారినెట్ మీద సి వేళ్లు పెట్టి "సా" అంటారు.

ఆయన చేత్తో రాసిన కాగితాలను మనవడు మ్యూజ్‌స్కోర్‌లో ఎక్కిస్తాడు. స్వరాలు రాసి, వాయించి వినిపించే, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది, వాళ్ల దగ్గరున్నది 4వ వెర్షన్. ఎక్కించాక రెండు పనులు. స్కోరు ప్రింటు తీసి జిరాక్సులు పంచడం, ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేసి కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం. పార్టులు విడిగా తీయరు, పూర్తి స్కోరే ఇస్తారు. ఎవరి వరుసకు వాళ్లు స్కెచ్‌పెన్‌తో రంగు పూసుకుంటారు. పగలంతా వేరే పనులకు పోయే కుర్రాళ్లు కదా, రాత్రిపూట ఆ ఎంపీ3 పెట్టుకుని సాధన చేస్తారు. అందుకే ప్లేబ్యాక్ వాళ్లకు సరదా విషయం కాదు, సగం గురువు అదే. పైగా మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి.

పాట మాస్టారు సొంతంగా కట్టిన వరుస. మోహన రాగం (సరిగపద, ఐదే స్వరాలు, మధ్యమం ఉండదు), ఊరేగింపులో వాయించేది. రెండు క్లారినెట్లు, ఒక ట్రంపెట్, ఒక ఆల్టో సాక్సోఫోన్, ఒక యూఫోనియం (మంద్రంగా పలికే ఇత్తడి వాద్యం), డ్రమ్ములు. బ్యాండు శ్రుతి ఆరున్నర, అంటే బి ఫ్లాట్.

వాళ్లు చెప్పింది, నేను రాసుకున్నది

రిజిస్టరులో నేను రాసుకున్న వాక్యం ఇది: "మ్యూజిక్ సాఫ్ట్‌వేర్. సౌండు వింతగా ఉంది. పాట సగంలో ఆగుతోంది."

మాస్టారు అన్నది ఇది: "మోహనంలో ప్రతిమధ్యమం యాడ్నుంచి వస్తాందప్పా? నేను రాయనే లేదు. వింటే కల్యాణి మాదిరి ఉంది." ప్రతిమధ్యమం అంటే రెండు మధ్యమాల్లో పైది, కల్యాణి రాగంలో వచ్చేది.

"కంప్యూటర్ సౌండు అట్లే ఉంటుంది తాతా" అన్నాడు మనవడు. నేను కూడా నవ్వి ఊరుకున్నాను. ఆ మాట రిజిస్టరులోకి ఎక్కలేదు.

ఇంకా మూడు విషయాలు చెప్పారు. హెడ్‌సెట్‌లో వింటే ఎవరో ఫోన్లో పాడుతున్నట్టుంది. చరణం అయిపోయాక పల్లవికి తిరిగి రాకుండా పాట ఆగిపోతుంది. ఇక మూడోది: క్లారినెట్ నేర్చుకుంటున్న ఒక కుర్రాడు ఇంట్లో ఎంపీ3తో చక్కగా వాయిస్తాడు, రిహార్సల్‌కి వచ్చేసరికి అందరికంటే ఒక స్వరం పైన పట్టుకుంటున్నాడు. "వాడికి జ్ఞానం లేదులే" అని మాస్టారు తేల్చేశారు.

నా దగ్గరికి రాకముందే మనవడు నాలుగు ప్రయత్నాలు చేశాడు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు, మార్పు లేదు. క్లారినెట్ సౌండు తీసి ఫ్లూట్ సౌండు పెట్టాడు, గొడవ ఫ్లూట్‌తో వినిపించింది. మిక్సర్‌లో క్లారినెట్ వాల్యూమ్ తగ్గించాడు, గొడవ చిన్నగా వినిపించింది. స్కోరు మొత్తం సెలెక్ట్ చేసి ఒక స్వరం కిందికి దించాడు, పాటతో పాటు గొడవా ఒక స్వరం దిగింది. తిరిగి పాత ఫైలుకే వచ్చాడు.

ఇప్పుడు కూర్చుని చూస్తే ఈ నాలుగు ఓటములూ నాలుగు సాక్ష్యాలు. మళ్లీ ఎక్కించినా పోలేదంటే తప్పు ప్రోగ్రాంలో కాక ఫైల్లో ఉన్నట్టు. సౌండు మార్చినా పోలేదంటే తప్పు వాద్యం గొంతులో లేనట్టు. మొత్తం దించితే గొడవ కూడా దిగిందంటే తప్పు ఒక వాద్యానికీ ఇంకో వాద్యానికీ మధ్య దూరంలో ఉన్నట్టు. ఆ రోజు నేను వాటిని అలా వినలేదు. "ఏమేం చేశావ్?" అని అడిగానే గానీ, చేసినప్పుడు ఏం జరిగిందో ఆలోచించలేదు.

మొదటి రోజు: నాకు తెలిసిన తప్పే దొరికింది

రోజూ సౌండు డ్రైవర్లతో కుస్తీ పట్టేవాడిని. "ఫోన్లో పాడినట్టు" అన్న మాట చెవిన పడగానే మిగతావన్నీ మర్చిపోయాను.

ఆ హెడ్‌సెట్ బ్లూటూత్, మైకు ఉన్నది. మనవడి ఆన్‌లైన్ క్లాసులకు కొన్నది. విండోస్ 10లో ఇలాంటి హెడ్‌సెట్ రెండు పేర్లతో కనిపిస్తుంది. ఒకటి స్టీరియో, ఇంకొకటి హ్యాండ్స్-ఫ్రీ. స్టీరియో పాట వినడానికి, హ్యాండ్స్-ఫ్రీ మాట్లాడటానికి. ఈ రెండోదాంట్లో శబ్దం ఒకే చానెల్‌గా, సెకనుకు 8,000 లేదా 16,000 శాంపిళ్లతో వస్తుంది. సీడీలో అయితే 44,100. మాటకు అది చాలు, క్లారినెట్‌కు చాలదు. ఏదైనా ప్రోగ్రాం మైకు తెరిచి పెట్టుకుంటే హెడ్‌సెట్ హ్యాండ్స్-ఫ్రీలోకి జారిపోతుంది. వీళ్ల లాప్‌టాప్‌లో క్లాసుల యాప్ వెనకాల తెరిచే ఉంది. దాన్ని మూసి, సౌండు సెట్టింగుల్లో స్టీరియో ఎంచుకున్నాను. శబ్దం కడిగినట్టు వచ్చింది. మనవడి మొహం వెలిగింది. నేను 200 రూపాయలు తీసుకున్నాను.

సాయంత్రం మాస్టారు ఒక్కరే వచ్చారు. "సౌండు శానా బాగుందప్పా. ప్రతిమధ్యమం ఇంకా స్పష్టంగా వినపడతాంది."

ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నాను. కాదు, ఉన్నమాటే చెప్పారు. హెడ్‌సెట్ తప్పు నిజమైనదే, బాగైందీ నిజమే. కానీ ఆయన వచ్చింది దానికోసం కాదు. ఎంపీ3 కుర్రాళ్ల ఫోన్లలోనూ అలాగే పలుకుతోందని వాళ్లు మొదటి గంటలోనే చెప్పారు. ఆ ఫోన్లకు ఈ హెడ్‌సెట్‌తో గానీ ఈ లాప్‌టాప్‌తో గానీ సంబంధం లేదు. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో కూడా తప్పు ఉందంటే, స్పీకర్లు, డ్రైవర్లు, బ్లూటూత్ అన్నీ ఒక్క దెబ్బతో పక్కకు పోతాయి. రెండు నిమిషాల పరీక్ష, ఎవరో ముందే చేసిపెట్టారు కూడా. 200 రూపాయలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

రెండో రోజు: సరైన బటన్, తప్పు తీర్మానం

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు ఫైలుకు కాపీ తీశాను. మిక్సర్ తెరిచి ఒక్కో వాద్యాన్ని సోలో చేసి విన్నాను. క్లారినెట్ ఒక్కటే వింటే మోహనం, ఏ దోషమూ లేదు. యూఫోనియం ఒక్కటే, శుభ్రంగా ఉంది. ట్రంపెట్, సాక్సోఫోన్ కూడా అంతే. అందరూ మంచివాళ్లే, కలిపి కూర్చోబెడితేనే తగాదా.

జతలుగా విన్నాను. క్లారినెట్, ట్రంపెట్ కలిస్తే బాగుంది. క్లారినెట్, యూఫోనియం కలిస్తే చెడింది. సాక్సోఫోన్ ఎవరితో కలిసినా చెడింది. "దాని ఇల్లే వేరప్పా" అన్నారు మాస్టారు.

విడిగా బాగుండి కలిస్తే చెడుతోందంటే శ్రుతి దూరం తప్పినట్టే. ఇక్కడ ట్రాన్స్‌పోజింగ్ వాద్యాల సంగతి గుర్తొచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. బి ఫ్లాట్ క్లారినెట్‌వాడు కాగితం మీద సి చూసి వాయిస్తే బయటికి పలికేది బి ఫ్లాట్, కీబోర్డు మీద రెండు మెట్లు కింద. ఈ ట్రంపెట్ కూడా బి ఫ్లాట్‌దే. ఆల్టో సాక్సోఫోన్ ఇ ఫ్లాట్ వాద్యం, రాసినదానికంటే తొమ్మిది మెట్లు కింద పలుకుతుంది. బాస్ క్లెఫ్‌లో రాసిన యూఫోనియం రాసింది రాసినట్టే పలుకుతుంది. నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లకు సాధారణంగా ఈ లెక్క తెలుసు. మ్యూజ్‌స్కోర్‌లో కింది పట్టీలో కాన్సర్ట్ పిచ్ అనే బటన్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే పేజీ మీద వాద్యకారుడు చదివే స్వరం కనిపిస్తుంది, ఆన్‌లో ఉంటే చెవికి వినిపించే స్వరం కనిపిస్తుంది.

చూస్తే వీళ్ల ఫైల్లో ఆ బటన్ ఆన్‌లో ఉంది. దొరికింది దొంగ అనుకుని ఆఫ్ చేసి ప్లే కొట్టాను.

శబ్దంలో వెంట్రుకవాసి తేడా లేదు. పైగా పేజీ చెడింది. క్లారినెట్ వరుసకు ఎక్కడినుంచో రెండు షార్పులు (స్వరాన్ని ఒక మెట్టు పెంచే గుర్తులు) వచ్చి కూర్చున్నాయి, సా ఉండాల్సిన చోట డి కనిపించింది. సాక్సోఫోన్‌కు మూడు షార్పులు. మనవడు కంగారుపడి "అన్నా, ప్రింటు మొత్తం పోయింది" అన్నాడు. బటన్ మళ్లీ ఆన్ చేశాను, పేజీ బాగైంది. నా అనుమానం తప్పని తీర్మానించి, ఆ దారి వదిలేశాను.

ఈ కేసులో నా అసలు తప్పు ఇదే, హెడ్‌సెట్ కాదు. బటన్ నొక్కితే శబ్దం మారలేదు కాబట్టి బటన్‌కు సంబంధం లేదనుకున్నాను. కానీ ఆ బటన్ శబ్దాన్ని ఎప్పుడూ మార్చదు. దాని పనే అది కాదు. వినిపించే స్వరాన్ని కదపకుండా, పేజీ మీద ఎలా చూపాలో మాత్రమే మారుస్తుంది. తలుపు బోల్టు లాంటిది: దొంగ లోపలికి వచ్చాక బోల్టు వేసి తీసి, దొంగ కదల్లేదు కాబట్టి తలుపులోంచి రాలేదంటే ఎలా? స్వరాలు ఎక్కించే సమయంలో బటన్ ఎలా ఉందన్నదే ప్రశ్న, ఇప్పుడు ఎలా ఉందన్నది కాదు.

ఆ మధ్యాహ్నమంతా వృథా. గుర్తులన్నీ ఆన్ చేసి కనిపించకుండా దాచినవేమైనా ఉన్నాయా అని వెతికాను. వాద్యాలను ఒక్కొక్కటిగా తీసేసి మళ్లీ చేర్చాను. చీకటి పడుతుండగా మాస్టారు ఉగ్గాని బజ్జీ తెప్పించారు. "రేపు నా క్లారినెట్ తెస్తా. దాంతోనే అడుగుదాం" అన్నారు.

మూడో రోజు: ఒకే కాగితం, ఇద్దరు వాద్యకారులు

వెనక గదిలో తలుపు వేసి, ఫ్యాను ఆపేశాం. మాస్టారు పెట్టె తెరిచి ముక్కలు బిగించారు, రీడును పెదాల మధ్య కాసేపు తడిపారు. స్టాండు మీద వాళ్లు పంచిన జిరాక్సు కాగితమే. చివరి కొలతలో అందరూ సా మీద ఆగుతారు. క్లారినెట్ వరుసలో అక్కడ రాసి ఉన్నది సి. ఆయన ఆ సి వాయించి పట్టుకున్నారు. నా ఫోన్లో ట్యూనర్ బి ఫ్లాట్ చూపించింది. ఆయన ఊపిరి ఆపకముందే లాప్‌టాప్‌లో అదే క్లారినెట్ వరుసను, అదే చివరి స్వరాన్ని నొక్కాను. ట్యూనర్ ముల్లు సి దగ్గరికి ఎగిరింది.

ఆయన క్లారినెట్ దించి, "నేను సా పట్టుకుంటే అది రి పట్టుకుంటాంది" అన్నారు.

ఒకే కాగితం, ఒకే గుర్తు. మనిషి చదివితే ఆరున్నర (బి ఫ్లాట్), కంప్యూటర్ చదివితే ఒకటి (సి). మిగతావి కూడా ట్యూనర్‌తో చూశాం. ట్రంపెట్ సి. సాక్సోఫోన్ జి. యూఫోనియం బి ఫ్లాట్. అందరూ బి ఫ్లాట్ మీద ఆగాల్సిన చోట మూడు వేర్వేరు స్వరాలు.

అప్పుడు మనవడిని అడిగాను, ఈ ఫైలు ఎక్కడ మొదలుపెట్టావని. కీబోర్డు వాయించే స్నేహితుడు ఇచ్చిన ఫైల్లో స్వరాలు చెరిపి, వాద్యాలు మార్చి, అందులోనే ఎక్కించాడట. కొత్త స్కోరు తెరిస్తే కాన్సర్ట్ పిచ్ ఆఫ్‌లోనే ఉంటుంది. ఆ స్నేహితుడి ఫైల్లో ఆన్‌లో ఉంది. "సి కొడితే సి వినిపించింది కదన్నా, సరిపోయిందనుకున్నా." కీబోర్డు తెలిసినవాడికి అది న్యాయమే. క్లారినెట్‌కు సి కొట్టినప్పుడు బి ఫ్లాట్ వినిపించాలి, అలా వినిపించి ఉంటే బహుశా వాడే తప్పనుకునేవాడు.

పేజీ మాత్రం ఎందుకు బాగుందంటే, తాత కాగితం మీద రాసింది వాద్యకారుడు చదివే స్వరమే. మనవడు దాన్ని గీతగీతకూ సరిగ్గా ఎక్కించాడు. కాబట్టి ప్రింటు సరిగ్గానే వచ్చింది, రిహార్సల్‌లో కాగితం చూసి వాయించినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. చెవితో ఎంపీ3 పట్టుకున్న కుర్రాడు మాత్రం కంప్యూటర్ వాయించినట్టే, ఒక స్వరం పైన వాయించాడు. "జ్ఞానం లేదు" అనిపించుకున్నవాడి చెవే అందరికంటే నిక్కచ్చిగా ఉంది.

ఇక ప్రతిమధ్యమం. ఆ మధ్యాహ్నం కాగితం మీద లెక్క వేసుకుని కాసేపు మాట రాలేదు. మోహనంలో స్వరాలు ఐదు: సా రి గా పా దా. క్లారినెట్ ఒక స్వరం పైకి జరిగి ఈ ఐదూ వాయిస్తే, యూఫోనియం పట్టుకున్న సా మీద అవి ఇలా వినిపిస్తాయి. దాని సా మనకు రి. దాని రి మనకు గా. దాని గా మనకు ప్రతిమధ్యమం. దాని పా మనకు దా. దాని దా మనకు కాకలి నిషాదం. యూఫోనియం పాట పొడవునా ఎక్కువగా సా, పా పట్టుకునే ఉంటుంది. ఈ రెండూ ఆ ఐదూ కలిపితే సా రి గా మ పా దా ని. 65వ మేళకర్త మేచకల్యాణి, అంటే కల్యాణే, ఒక్క స్వరం కూడా తక్కువ కాకుండా.

"కల్యాణి మాదిరి ఉంది" అని ఆయన మొదటి నిమిషంలోనే చెప్పారు. ఎన్ని మెట్లు తప్పిందో, ఎటు తప్పిందో, దేనితో పోలిస్తే తప్పిందో అంతా ఆ మాటలో ఉంది. ట్యూనర్ కూడా అంతకంటే ఎక్కువ చెప్పలేదు. నేను దాన్ని ముసలాయన చాదస్తం ఖాతాలో వేశాను.

రాగం మోహనం కావడం వల్ల కూడా తప్పు సగం దాక్కుంది. బి ఫ్లాట్ మోహనానికీ, సి మోహనానికీ మూడు స్వరాలు ఉమ్మడి: సి, డి, జి. అందుకే పూర్తిగా అపస్వరంలా కాకుండా, ఏదో వేరే రాగంలా వినిపించింది.

బాగు చేసిన తీరు

మూడు దారులు కనిపించాయి. మొత్తం మళ్లీ ఎక్కించడం ఒకటి: మూడు వాద్యాల వరుసలు, నాలుగు పేజీలు, కొత్త తప్పులకు అవకాశం. ప్రింటుకు ఒక ఫైలు, ఎంపీ3కి ఇంకో ఫైలు పెట్టుకోవడం రెండోది. మనవడికి ఇదే నచ్చింది. నేను ఒప్పుకోలేదు. మాస్టారు ప్రతి రిహార్సల్ తర్వాత ఒకటి రెండు చోట్ల మారుస్తారు, నెల తిరిగేసరికి ఆ రెండు ఫైళ్లూ రెండు పాటలవుతాయి. మూడోది, ఉన్న స్వరాలనే సరైన దూరం జరపడం. అదే చేశాం.

కాన్సర్ట్ పిచ్ ఆన్‌లోనే ఉంచాం. క్లారినెట్లు, ట్రంపెట్ వరుసలు సెలెక్ట్ చేసి, ట్రాన్స్‌పోజ్‌లోకి వెళ్లి మేజర్ సెకండ్ (రెండు మెట్లు) కిందికి దించాం. సాక్సోఫోన్‌ను మేజర్ సిక్స్త్ (తొమ్మిది మెట్లు) కిందికి. ఇక్కడ ఒక గుంట ఉంది: సాక్సోఫోన్‌ను మైనర్ థర్డ్ (మూడు మెట్లు) పైకి జరిపినా జి కాస్తా బి ఫ్లాట్ అవుతుంది, స్వరాలు కలుస్తాయి, కానీ స్థాయి ఒకటి పెరిగిపోతుంది. నేను ముందు అదే చేశాను. సాక్సోఫోన్ పిల్లనగ్రోవిలా కూసేసరికి వెనక్కి తీసుకున్నాను. యూఫోనియం, డ్రమ్ములు ముట్టుకోలేదు. తర్వాత అన్నిటికీ రెండు ఫ్లాట్ల కీ సిగ్నేచర్ (వరుస మొదట ఉండే షార్పు, ఫ్లాట్ గుర్తులు) పెట్టాం, ఇదివరకు అసలు ఏదీ లేదు. అప్పుడు కాన్సర్ట్ పిచ్ ఆఫ్ చేశాం.

క్లారినెట్ పేజీ మళ్లీ సి దగ్గరికి వచ్చింది, షార్పులు లేవు. సాక్సోఫోన్‌కు ఒక షార్పు వచ్చింది, ఆ వరుసలో ఎఫ్ లేనే లేదు కాబట్టి వాయించేవాడికి తేడా లేదు. పాత జిరాక్సునూ కొత్త ప్రింటునూ ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబ్‌లైటుకు పట్టి చూశాం. పేజీలో కొలతలు కాస్త అటూ ఇటూ జరిగాయి గానీ స్వరాల గుండ్రాలన్నీ అవే గీతల మీద ఉన్నాయి. ఆ తర్వాతే ప్లే కొట్టాం. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. రెండో కొలతకే తల ఊపడం మొదలైంది.

పాట ఆగిపోవడం సంగతి ఇక తేలిక, ఎందుకంటే కారణం అదే రకం. పేజీ మీద సెన్యో గుర్తు (పాట వెనక్కి రావాల్సిన చోటు) ఉన్నట్టే కనిపించింది, చివర డి.ఎస్. అల్ ఫీనే (సెన్యో దగ్గరికి వెళ్లి ఫీనే దాకా వాయించు) అని ఉంది. నొక్కి చూస్తే ఆ సెన్యో శాతం గుర్తు. చూడ్డానికి అలాగే ఉందని మనవడు కీబోర్డులోంచి టైపు చేశాడు. డి.ఎస్. కూడా మామూలు టెక్స్ట్. మనిషి వాటిని చదివి వెనక్కి వెళ్తాడు, ప్లేబ్యాక్‌కు అవి ఉత్త అక్షరాలు. ప్యాలెట్‌లో రిపీట్లు, జంప్‌ల దగ్గరున్న అసలు గుర్తులు పెట్టగానే పాట పల్లవికి తిరిగొచ్చింది. అయితే పల్లవి మొదటి పంక్తి రెండుసార్లు పలకాలి, తిరిగొచ్చాక ఒక్కసారే పలికింది. జంప్ తర్వాత రిపీట్లు వదిలేయడం పాశ్చాత్య సంగీతంలో మామూలు పద్ధతి. మాస్టారికి రెండుసార్లు కావాలి, జంప్ గుర్తు ప్రాపర్టీస్‌లో రిపీట్లు వాయించమనే గడి ఉంటే టిక్ పెట్టాం.

అదే ఊపులో వేగం కూడా చూశాను. పైన "వేగం 96" అని టైపు చేసి ఉంది. ఇదీ టెక్స్టే. టెంపో గుర్తు లేకపోతే నిమిషానికి 120 క్వార్టర్ నోట్ల వేగంతో వాయిస్తుంది. మరి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదెందుకు? మనవడు వేగంగా ఉందని ప్లేబ్యాక్ స్లైడర్‌ను 80 శాతానికి దించుకుని వింటున్నాడు. 120లో 80 శాతం సరిగ్గా 96. చెవితో అంత కచ్చితంగా పట్టినవాడు శాతం గుర్తును సెన్యో అనుకున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత

ఫైలు బాగైన రోజే అంతా బాగైపోలేదు. పాత ఎంపీ3లు కుర్రాళ్ల ఫోన్లలో అలాగే ఉన్నాయి. రెండు రిహార్సళ్లలో మళ్లీ అదే గొడవ. చివరికి గ్రూపులో పాతవన్నీ తీసేయించి, ప్రతి ఎంపీ3 పేరులో తేదీ పెట్టించాను. ఒక స్వరం పైన వాయించడం అలవాటైన కుర్రాడికి వేళ్లు తిరిగి దారికి రావడానికి వారం పైనే పట్టింది. మాస్టారు వాడిని పిలిచి మొదటి క్లారినెట్ ఇచ్చారు.

నా వైపు రెండు మార్పులు. రిజిస్టరులో ఒక కొత్త గడి గీశాను: కస్టమర్ అన్న మాట, అన్నది అన్నట్టే, నాకు అర్థమైనా కాకపోయినా. ఇక ప్లేబ్యాక్ కేసు ఏది వచ్చినా ముందు ఎక్స్‌పోర్ట్ చేసి నా ఫోన్లో వింటాను, లాప్‌టాప్ సెట్టింగుల జోలికి ఆ తర్వాతే. ఒకే కేసులో రెండు తప్పులు ఉండొచ్చన్న సంగతి తెలియనిది కాదు. కానీ మొదటిది దొరికిన సంతోషంలో రెండోది కనిపించదు. అందుకే ఇప్పుడు బిల్లు రాసే ముందు, వాళ్లు మొదట చెప్పిన మాటను గడిలోంచి వాళ్లకే చదివి వినిపిస్తున్నాను: ఇది పోయిందా?

మాస్టారికి కూడా అలాగే చదివి వినిపించాను. "ప్రతిమధ్యమం పోయింది" అన్నారు. ఆగి, "గాంధారం మాత్రం రవ్వంత పైనుంది" అన్నారు.

ఈసారి నవ్వలేదు. లెక్క చూశాను. కంప్యూటర్ వాయించేది సమాన మెట్ల శ్రుతిలో, అందులో సా నుంచి అంతర గాంధారం 400 సెంట్లు (ఒక్కో మెట్టుకు వంద). తంబూరా మీద చెవికి కుదిరే గాంధారం, అంటే ఐదుకు నాలుగు నిష్పత్తి, సుమారు 386. పద్నాలుగు సెంట్లు ఎక్కువే. మ్యూజ్‌స్కోర్‌లో ఒక్కో స్వరాన్ని సెంట్లలో దించుకునే వీలుంది. ఒక పంక్తిలో గాంధారాలన్నిటికీ మైనస్ 14 పెట్టి వినిపించాను. "ఇప్పుడు సరిపోయింది" అన్నారు. మిగతా పేజీలకూ పెట్టమంటారా అని అడిగితే వద్దన్నారు.

"అది పిల్లోళ్ల పెదాలు చూసుకుంటాయిలే" అంటూ క్లారినెట్ ముక్కలు విడదీసి పెట్టెలో సర్దుకున్నారు.